అరువు గుఱ్ఱము



హైదరాబాదు తూర్పుదిక్కున దిల్‌సుఖ్‌నగర్, లాల్ బహదూర్ నగర్ ప్రాంతములను నేఁడు చూచువారికి గుఱ్ఱమను తలంపే కలుగదు. పైన మెట్రోరైలు, క్రింద మోటారు బండ్లు. కాని దిల్‌సుఖ్‌నగరమునకు చేరువనే మలక్‌పేటయందు గుఱ్ఱపుపందెముల మైదానము కలదు. ఆఱవ నిజాము మహబూబ్ అలీఖాను 1886వ సంవత్సరమున పందెములను మౌలాలినుండి అచ్చటికి మార్పించెను. పందెమున గుఱ్ఱ మొకరిది, ఎక్కువాఁడు మఱియొకఁడు. తనది కాని గుఱ్ఱము నెక్కవలసినవాఁడు దాని యజమానుని నమ్మకము నెట్లు సంపాదింపవలెను? ఈ ప్రశ్న పందెములతో పుట్టినది కాదు. అంతకు ముందే మన సైన్యములలో నది జీవన్మరణ సమస్యగా నుండెను.

1853వ సంవత్సరపు సంధినాఁటినుండి హైదరాబాదు కంటింజెంటు అను పేరఁ బరఁగిన సైన్యము, 1903లో భారతసైన్యమునఁ గలిసిపోవువఱకును ఉండెను. అందలి అశ్వదళములలో సిలహదారీ పద్ధతి నడచెను. సిలాహ్ అనఁగా ఆయుధము. సిలహదారుఁడు తన గుఱ్ఱమును తానే తెచ్చుకొని కొలువునఁ జేరును. సర్కారువారిచ్చు నెలజీతములోనే దాని దాణాయు పోషణయు జరుగవలెను. కొందఱికి రెండు మూఁడు గుఱ్ఱము లుండెడివి. తానొకదాని నెక్కి, తక్కినవానిపై ఇతరుల నెక్కించును. అట్లు పరుల గుఱ్ఱము నెక్కువానికి బారుగీరని పేరు. జీతము గుఱ్ఱపు యజమానునికి ముట్టును; అందుండి బారుగీరునకు కూలి దక్కును. గుఱ్ఱము చచ్చెనా, యజమానుని బ్రదుకుతెరువే పోవును. అందువలన కొన్ని దళములలో రౌతులు చందాలు వేసికొని క్రొత్త గుఱ్ఱములను కొనుటకు నిధి నేర్పఱచుకొనిరి. మొదటి ప్రపంచయుద్ధము ముగిసిన పిమ్మట ఈ పద్ధతి యంతరించినది.

ఇట్టి యజమానుఁడు కళ్లెము నెవ్వని చేతి కిచ్చును? నా యెఱిఁగినంతలో మూఁడు సంగతులు విచారింపఁదగియున్నవి.

మొదటిది, అడుగువాఁడు పని యేమో నిజము చెప్పవలెను. మొగలాయి కాలమున సర్దారులు కొందఱు లెక్కకుఁ దగిన గుఱ్ఱములను పోషింపక, తనిఖీనాఁడు మాత్రము పరుల గుఱ్ఱములను ఎరువు తెచ్చి చూపి, మఱునాఁడు తిరిగి యిచ్చివేయుచుండిరి. ఈ మోసము నరికట్టుటకే అక్బరు పాదుషా గుఱ్ఱములకు వాతముద్ర వేయించి, రౌతుల ముఖచిహ్నములను చిట్టాలలో వ్రాయించెను. పదిమంది బొంకిన పాపమునకు నోరులేని జంతువు కాలిన యినుముతో వాత తినవలసివచ్చెను.

రెండవది, అడుగువానికి అశ్వహృదయము తెలియవలెను. విరాటుని కొలువున నకులుఁడు దామగ్రంథి యను పేరఁ జేరిన కథ మీ రెఱిఁగినదే. తాను ధర్మరాజు నశ్వములను పాలించినవాఁడనని పూర్వపు కొలువును చెప్పుకొనెను. అశ్వముల స్వభావమును, శిక్షను, చికిత్సను తెలిసినవాఁడనని పలికెను. అడుగవచ్చినవాఁడు తన శౌర్యమును గాక, గుఱ్ఱమున కేమి కావలెనో దానిని చెప్పెను. యజమానుఁడు వినఁగోరు మాట యదియే.

మూఁడవది, పని తీఱఁగనే తిరిగి యిచ్చుట. వ్యాసభారతము అరణ్యపర్వమున శలుఁడను ఇక్ష్వాకురాజు కథ కలదు. వేఁటలో లేడి చిక్కక, వామదేవమహర్షికడకుఁ బోయి వాయువేగముగల యశ్వముల నడిగెను. పని ముగియఁగనే మరల నిమ్మని ముని యిచ్చెను. లేడి చిక్కినది. అంతట రాజునకు దుర్బుద్ధి పుట్టి, ఇట్టి గుఱ్ఱములు తాపసుల కేలయని అంతఃపురమున దాఁచెను. నెల గడచినపిమ్మట శిష్యుఁడు వచ్చి యడిగెను. తరువాత ముని తానే వచ్చెను. రాజు బదులుగా ఎడ్లనిత్తు ననెను, కంచరగాడిదల నిత్తు ననెను. గుఱ్ఱములు మాత్ర మీఁడయ్యెను. తుదకు ప్రాణమే కోల్పోయెను. మొదట అతఁ డడిగినది న్యాయమే, ముని యిచ్చినదియు న్యాయమే. చెడినది తిరిగి యిచ్చునప్పుడు.

ఒక్క స్వానుభవము విన్నవించి ముగింతును. నా బాల్యమున మా యూరి పటేలుగారి యింట తట్టుగుఱ్ఱ ముండెను. మా తండ్రిగారు పొరుగూర పురాణము చెప్పుటకు దాని నడిగి తెచ్చుకొనుచుండిరి. ఒకనాఁడు త్రోవలో ముందుకాలి లాడ మూడినది. వా రప్పుడే దిగి, నాలుగు మైళ్లు దానిని నడిపించుకొని వచ్చి, కట్టుకొయ్యకుఁ గట్టకముందే పటేలుగారిని పిలిచి, “లాడ మూడినది. ఊడినపిదప నే నెక్కలేదు. డెక్కకు దెబ్బ తగిలినదేమో తమరు చూడవలెను. ఖర్చు నాది” అనిరి. పటేలుగారు డెక్క నెత్తి తడిమి చూచి, “పంతులుగారూ, ఇది నోరులేనిది. దీని మాట మీరు చెప్పితిరి. ఇఁకమీఁద నన్నడుగ నక్కఱలేదు, వచ్చి విప్పుకొని పొండు” అనిరి.

నేఁడు మన యిండ్ల గుఱ్ఱములు లేవు. కాని ఎడ్లజతయో, ట్రాక్టరో అడుగవచ్చువారు కలరు. మన పిల్లలును ఒకరి వాకిట నిలిచి అడుగుదురు. తెచ్చిన వస్తువునకుఁ గలిగిన లోపమును, యజమానుఁడు కనుఁగొనకముందే తామే చెప్పుఁడని పెద్దలు వారికి నేర్పుదురుగాక.