జెండా చాటు పొగ

విశాఖ రేవులో ఆగిన విదేశీ ఓడ వెనుకభాగాన, దాని పేరు కింద, ఒక ఊరి పేరు కనిపిస్తుంది: పనామా, మన్రోవియా, మజురో. ఓడ యజమాని ఆ ఊరివాడు కానక్కరలేదు; నావికులూ కానక్కరలేదు. 1922లో, అమెరికాలో మద్యనిషేధం వుండగా, ప్రయాణీకులకు మద్యం పోయడానికి వీలుగా రెండు అమెరికన్ ఓడలు పనామా జెండా ఎత్తుకున్నాయి. ఆ దొంగదారే తరవాత పన్నులనూ, కార్మిక చట్టాలనూ తప్పించుకునే రాచబాట అయింది. 1948లో లైబీరియా అదే దుకాణం తెరిచింది. మార్షల్ దీవుల జెండా ఇచ్చే సంస్థ నడిచేది అమెరికాలోని వర్జీనియా నుంచి!

పొగకు జెండా చాటు కూడా అక్కరలేకపోయింది. 1997 నాటి క్యోటో ఒప్పందం సంపన్నదేశాల వాయువులకు హద్దు పెట్టింది గాని, విదేశీయానపు ఓడల ఇంధనాన్ని ఆ లెక్కలో కలపలేదు. లండన్‌లోని అంతర్జాతీయ సముద్రయాన సంస్థ ద్వారా చూసుకోమన్నది. 2015 ప్యారిస్ ఒప్పందం ఓడల మాటే ఎత్తలేదు. 2018లో మానవులు వెలువరించిన యీ వాయువులలో దాదాపు 3 శాతం నౌకాయానానిదే. "మరి దానికి జవాబుదారు ఎవరు మాస్టారూ?" అన్నాడు నా విద్యార్థి ఒకడు.

2024 మే 21న హాంబర్గులోని సముద్రచట్ట న్యాయస్థానం సమాధానం చెప్పింది. అడిగింది చిన్న దీవుల కూటమి; 2021లో దాన్ని నెలకొల్పినవి తువాలు, ఆంటిగ్వా-బార్బుడా. భూమిని వేడెక్కించే వాయువులు 1982 ఒడంబడిక ప్రకారం సముద్ర కాలుష్యమేననీ, ప్యారిస్ ఒప్పందాన్ని పాటించినంత మాత్రాన రాజ్యాల విధి తీరదనీ న్యాయస్థానం అన్నది. ఓడ ఎవరి జెండా ఎగరేస్తే ఆ రాజ్యం దానికి చట్టం చేయాలి. ఆ చట్టం అంతర్జాతీయ నియమాలకు తీసిపోరాదు. ఇది సలహా అభిప్రాయమే, నిజమే. కాని ఇకమీద "లండన్ వారు చూసుకుంటారు" అని చేతులు దులుపుకోవడం ఏ ప్రభుత్వానికీ సులువు కాదు.

ఇక్కడొక చిక్కున్నది. ఆంటిగ్వా కూడా పరాయి ఓడలకు జెండా ఇచ్చే దేశమే. న్యాయం అడిగినవారి మెడకే ముందుగా అది చుట్టుకున్నది. దీన్ని చూసి నవ్వేవారితో నేను ఏకీభవించను. బ్రిటిష్‌వారు చెరకుతోటగా వాడుకుని వదిలిన దీవి, జెండా అద్దెకిచ్చి సంపాదించేది ఎంత? యజమాని మిగుల్చుకునేది ఎంత? చట్టం జెండాను పట్టుకుంటుంది, లాభాన్ని కాదు. యీ లోపాన్ని రేవులున్న రాజ్యాలు కొంత పూడ్చగలవు. 2024 నుంచి యూరోపియన్ యూనియన్ తన రేవులకు వచ్చే పెద్ద ఓడల పొగకు, జెండా ఏదైనా, ఖరీదు వసూలు చేస్తున్నది.

లండన్ సంస్థ కూడా 2025 ఏప్రిల్‌లో పొగకు ధర కట్టే ముసాయిదాను ఆమోదించింది. దానికి ఓటు వేసే దేశాలపై సుంకాలూ, వీసా ఆంక్షలూ తప్పవని అమెరికా ప్రభుత్వం బెదిరించింది. అక్టోబరు 17న ఆ ముసాయిదాపై నిర్ణయాన్ని ఏడాదిపాటు వాయిదా వేశారు. వాయిదాకు అనుకూలం 57, ప్రతికూలం 49.