మనహూస్

ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ 1886లో గుర్రప్పందాలను మౌలాలి నుంచి మలక్‌పేటకు మార్పించాడు. అదృష్టం మీద డబ్బు కాసే చోట ఆ అదృష్టం లేనివాణ్ణి తిట్టడానికీ ఓ మాట కావాలిగా! హైదరాబాదీలకు ‘మనహూస్’ ఉంది. అరబ్బీలో ‘నహ్స్’ అంటే అశుభం. అది పట్టినవాడు మనహూస్. అరబ్బు జ్యోతిషులు శనిని పెద్ద నహ్స్ అన్నారు, కుజుణ్ణి చిన్న నహ్స్. మన శనిగాడు అక్కడా దొరికాడన్నమాట!

మనహూస్ తనకు కలిసిరానివాడే కాదు, పక్కవాళ్ళకూ కలిసిరానివ్వనివాడు. పొద్దున్నే షట్టర్ ఎత్తుతూ కొట్టాయన, “బోణీ కాకముందే అప్పా, మనహూస్ మొహమా!” అని అప్పడిగినవాణ్ణి కసిరేది అందుకే. ఉర్దూ రాని తెలుగువాళ్ళూ ఈ మాట అంటారు. దోస్తుల మధ్యైతే అది తిట్టే కాదు.