సూదిమొనను విరిసిన పూవులు

పూర్వరాజుల పేళ్లు తెలియుటకు మనము శాసనములను, నాణెములను వెదకుదుము. మధ్యయుగమున ఇస్లాము రాజ్యములలో వస్త్రము గూడ నొక శాసనమే. ఖలీఫా పేరును బట్ట యంచున కుట్టించుటయో నేయించుటయో యాచారము. అట్టి యంచునకు, ఆ బట్టకు, అది తయారగు కార్ఖానాకు గూడ 'తిరాజ్' అనియే పేరు. అది పారసీకపదము, కుట్టుపని యని యర్థము. ఖలీఫా యీ వస్త్రములను కొలువువారికి ఖిలాతులుగా నొసంగుచుండెను. పూర్వము పారసీకరాజులు వస్త్రములపై తమ రూపములు నిలుపగా, ముసల్మాను ప్రభువులు వానికి మాఱుగా పేళ్లు నిలిపిరని 14వ శతాబ్దపు చరిత్రకారుడు ఇబ్నుఖల్దూను వ్రాసినాడు.

కాని మమ్మాకర్షించినవి పేరులేని గుడ్డలు. కైరో చెంతనున్న ఫుస్తాతు పాతపట్టణపు దిబ్బలయందు, ఈజిప్టు దేశపు పొడినేల చలువవలన, అవిసెనార బట్టల తునుకలు శతాబ్దములు చెడక నిలిచినవి. పెర్సీ న్యూబెరీ యను పండితుడు సేకరించిన యిట్టివి ఆక్స్‌ఫర్డులోని యాష్మోలియను ప్రదర్శనశాలకు చేరినవి. వానిలో మమ్లూకు సుల్తానుల కాలపు (1250–1517) పని మెండు. తెల్లని నారబట్టపై నీలి, ఎఱ్ఱ పట్టుదారములతో కుట్టిన పూవులు, చెట్లు, నక్షత్రములు గలవు.

ఆ పూలఱేకులు గుండ్రన గావు, కోణములు దేఱియుండును. మన యాడువారు చుక్కలు లెక్కించి ముగ్గు పెట్టునట్లు, వారు బట్టలోని పోగులు లెక్కించి కుట్టిరి. ఒక విధమగు కుట్టులో సూది ముందునకు పోవుచు నొకటి విడిచి యొకటిగా కుట్టి, మరలివచ్చుచు ఖాళీలను పూరించును. అందుచే బట్టకు లోపలివైపు, వెలుపలివైపు నను భేద ముండదు.

మఱికొన్ని గుడ్డలపై పొందికలేని నమూనాలు పక్కపక్కనే యున్నవి. అవి తొడుగుకొనుటకు గాదు. నేర్చుకొనుటకును, నమూనాలను దాచుకొనుటకును కుట్టినవి. బడిలో పలకలు దిద్దువారము గావున మాకవి యోనమాలవలె తోచినవి. తిరాజ్ అంచులు ప్రభువు పేరు చెప్పును. ఈ గుడ్డలు నేర్చిన చేతిని చూపును. ఈ రెండవదియు చరిత్రయే. మగపిల్లవాని పలకను విద్య యనియు, ఆడపిల్ల సూదిని కాలక్షేపమనియు నెంచు గృహములు దీనిని యోచింపవలెను.

మా తల్లిగారు చిన్ననాట సూదిపని నేర్చిన గుడ్డ యొకటి మా యింట నుండెడిది. దానిని మేము పలక తుడుచుటకు వాడి చింపివేసితిమి. ఆమె యందు కుట్టిన పూవు లెట్టివో నేడు మేము చెప్పజాలము.