బూటు పాలిష్ డబ్బాలో పోతపోసిన ప్రాణము

రొమ్ముపై చర్మము క్రింద నొదిగి, తడబడు గుండెకు తాళము వేయు పేస్‌మేకరు నేడు ఇరుగుపొరుగు మాటలలో సయితము వినవచ్చు వస్తువే గాని, దాని తొలిరూపము బూటు పాలిష్ డబ్బాను మూసగా గొని పోతపోసిన ఎపాక్సీ ముద్ద యన్నచో నమ్మువారరుదు.

అంతకుముందు గుండెను కొట్టించు యంత్రములు లేకపోలేదు. 1952లో బోస్టను వైద్యుడు పాల్ జోల్ వాడినది గోడ ప్లగ్గునకు కట్టుపడి, రొమ్ము మీదుగా ఘాతములిచ్చి రోగిని బాధించెడిది; 1957లో మిన్నియాపొలిస్‌లో ఎర్ల్ బాకెన్ దానిని బ్యాటరీతో నడచు చిన్నపెట్టెగా మార్చినను, చర్మమును చీల్చుకొని లోనికిపోవు తీగవెంట చీము చేరు భయము మాత్రము తీరలేదు.

స్వీడనులో ఆర్నే లార్సన్ అను 43 ఏండ్ల రోగి, గుండె పైగదులనుండి క్రిందిగదులకు విద్యుత్ప్రేరణ యందక, దినమునకు ఇరువది ముప్పది మారులు స్పృహదప్పుచుండెను. "గుండె ఆగినంత పనయినది" యని మనము మాటవరుసకందుము. ఆయనకది మాటవరుస కాదు. భార్య ఎల్సె-మరీ పట్టిన పట్టు విడువక శస్త్రవైద్యుడు సెన్నింగును, ఇంజనీరు ఎల్మ్‌క్విస్టును వేధింపగా, తాము డబ్బాలో పోతపోసిన పరికరమింకను పరిపక్వము కాలేదనుచునే వారు 1958 అక్టోబరు 8న కరోలిన్‌స్కా ఆసుపత్రిలో దానిని లార్సను దేహమున నమర్చిరి. అందున్నవి రెండు ట్రాన్సిస్టర్లు, బయటి తీగచుట్టనుండి చర్మము మీదుగానే ఛార్జి చేయదగిన యొక బ్యాటరీ. కొలది గంటలకే యది మూగవోగా, రెండవదానిని పెట్టిరి.

నా దృష్టిలో తరువాతి చరిత్రయంతయు హృదయము కథ కంటె బ్యాటరీ కథయే. పాదరసపు బ్యాటరీ రెండేండ్లకు ఉడిగిపోవుటయు, రొమ్ము మరల కోయుటయు రివాజయ్యెను. 1970లో పారిసులో ప్లుటోనియముతో నడచు బ్యాటరీనే గుండెచెంత నుంచుటకు సాహసించిరి! దారి చూపినవాడు, వేరొక పరికరము చేయబోయి పొరపాటున తప్పు రెసిస్టరు బిగించి గుండెలయను విన్న అమెరికా ఇంజనీరు విల్సన్ గ్రేట్‌బాచ్. ఆయన చేపట్టిన లిథియము-అయోడిన్ బ్యాటరీ 1970ల మొదట వచ్చి పరికరపు ఆయుర్దాయమును పలురెట్లు పెంచెను. 2016లో అమెరికా ఆమోదించిన గుళికవంటి పేస్‌మేకరు తూకము రెండు గ్రాములే. తొడసిరనుండి పోయి గుండెలోనే నిలుచును, తీగయే లేదు.

ఎల్మ్‌క్విస్టు 1996లోను, సెన్నింగు 2000లోను కనుమూసిరి. లార్సను 2001లో, 86 ఏండ్ల ప్రాయమున, చర్మపు క్యాన్సరుతో పోయెను. అప్పటి కాయన దేహమున మారిన పరికరములు 26.