గ్రామారోగ్య సహాయకులు: వారి శిక్షణ చరిత్ర

ప్రతి సంవత్సరము పదవ తరగతి ఫలితములు వెలువడిన వారమున మన గ్రంథాలయమునకు వచ్చు పిల్లల సంఖ్య హెచ్చును. వారు వచ్చునది నవలలకొరకు కాదు. పత్రికలలోని కళాశాలల ప్రకటనలకొరకు. గడచిన వేసవిలో ఇద్దరు అక్కచెల్లెండ్రు తమ తల్లిని వెంటబెట్టుకొని నా బల్లయొద్దకు వచ్చిరి. ప్రకటనలో ల్యాబు టెక్నీషియను కోర్సు ఒకటి, ‘మల్టీపర్పస్ హెల్త్ వర్కరు’ కోర్సు ఒకటి ఉన్నవి. “ఒక్క పని నేర్చుకోవడం మంచిదా, అన్ని పనులూ నేర్చుకోవడం మంచిదా, మాస్టారూ?” అని ఆ తల్లి అడిగినది. నాకు వెంటనే సమాధానము తోచలేదు. ఆ ప్రశ్న ఆమెది మాత్రమే కాదు. రమారమి రెండువందల యేండ్లుగా మన ప్రభుత్వములు తమలో తాము వేసికొనుచు, ఒకమారొక విధముగను మరొకమారు మరొక విధముగను బదులు చెప్పుకొనుచు వచ్చిన ప్రశ్న అది. రజతోత్సవ సంచికకు చరిత్రవిషయ మేదేని వ్రాయుడని కార్యదర్శిగారు కోరినప్పుడు, ఆనాడు చెప్పలేకపోయిన సమాధానమునే వ్రాయుదమని తలచితిని.

మద్రాసులో ప్రభుత్వము 1835వ సంవత్సరమున ఒక వైద్యపాఠశాలను స్థాపించెను. అది మొదట వైద్యులను తయారుచేయుటకు పెట్టినది కాదన్న సంగతి చాలమందికి తెలియదు. సైన్యములోని దొరల వైద్యులకు చేదోడుగా మందులు కలుపువారును కట్లు కట్టువారును కావలసివచ్చిరి. వారికొరకై పెట్టిన బడి అది. 1850లో అదియే వైద్యకళాశాల యైనది. కళాశాల గొప్పదైన పిదప తనకు జన్మనిచ్చిన సహాయకుల బడిని మరచినది. నిజాము రాజ్యమున 1846లో హైదరాబాదునందు వైద్యపాఠశాల వెలసినది. అచ్చట పాశ్చాత్యవైద్యమును ఉర్దూలో బోధించిరి. దేశభాషలో ఈ విద్య పొసగదను వారికి ఆనాటి విద్యార్థులే సమాధానము.

కట్లు కట్టువానికి డ్రెస్సరనియు, మందు కలుపువానికి కాంపౌండరనియు పేర్లు స్థిరపడినవి. నా చిన్ననాట, అనగా 1960 ప్రాంతమున, ఆసుపత్రి యనగా మా కన్నులయెదుట కదలాడు రూపము డాక్టరుగారిది కాదు, కాంపౌండరుగారిది. సీసా ఇంటినుండియే తీసికొనిపోవలెను. డాక్టరుగారు చీటి వ్రాయుదురు. కాంపౌండరుగారు పెద్ద జాడీలలోని ద్రవములను కొలపాత్రతో కొలిచి, కలిపి, కుదిపి, సీసాలో పోయుదురు. గంట్లు పెట్టిన కాగితపుముక్కను సీసా ప్రక్కన నంటించి, ఒక్కొక్క గంటు ఒక్కొక్క మోతాదని చెప్పుదురు. అక్షరము రాని అవ్వకు సైతము ఆ గంట్లు చదువ వచ్చెడిది. పుండు కడుగుట, కట్టు మార్చుట, సూదిమందు వేయుట, ఔషధముల లెక్క వ్రాయుట, డాక్టరుగారు సెలవులో నున్నప్పుడు జ్వరమునకు తానే మందిచ్చుట — ఇవన్నియు వారి పనులే. ‘బహుళ ప్రయోజన’ మను మాట పుట్టకముందే వారు బహుళ ప్రయోజకులు. అయితే వారిలో పెక్కురు బడిలో నేర్చినది స్వల్పము. పెద్ద కాంపౌండరు ప్రక్కన నిలిచి చూచి నేర్చినదే ఎక్కువ. 1948లో ఫార్మసీ చట్టము వచ్చినప్పుడు, ఆసుపత్రిలో మందులు కలుపుటయం దైదేండ్ల అనుభవము గలవారిని గూడ మొదటి పట్టికలో నమోదు చేసికొనుట కవకాశ మిచ్చిరి. అనుభవమును చదువుగా చట్టము గుర్తించిన అరుదైన సందర్భములలో అది యొకటి. కాలక్రమమున మాత్రలును సిరపులును కట్టగట్టుకొని కర్మాగారములనుండి వచ్చినవి, కలుపవలసినది లేకపోయినది, కాంపౌండరను పేరును మాసినది.

పల్లెలకు వైద్యుని పంపు ప్రయత్నము చేయలేదని నేననను. పానగల్ రాజావారు మద్రాసు ప్రభుత్వమున ప్రధానమంత్రిగా నున్న కాలమున (1921–26), పల్లెలలో స్థిరపడు వైద్యులకు ఏటేట సహాయద్రవ్య మిచ్చు పద్ధతి మొదలైనది. అట్లు వచ్చినవారిలో ఎల్.ఎం.పి. పట్టము గలవారు పలువురు. వారు కళాశాలలో గాక వైద్యపాఠశాలలలో చదివి, పట్నపు పెద్ద వైద్యులచే చిన్నచూపు చూడబడి, పల్లెకు మాత్రము పెద్ద డాక్టరులైరి. ఆ పాఠశాలలు ఒక్కటొక్కటిగా మూతపడినవి, లేదా కళాశాలలుగా మారినవి. మద్రాసు స్టాన్లీ పాఠశాల 1938లో కళాశాల యైనది. దేశమంతటను వైద్యునికి ఒకే ప్రమాణము, ఒకే పట్టము ఉండవలెనని 1946లో భోర్ కమిటీ నిర్ణయించినది. ఈ విషయమున ఆ కమిటీ సభ్యులలోనే కొందరు విభేదించిరి. ప్రమాణము పెంచవలెననుట న్యాయమే. కాని క్రింది మెట్టు తీసివేసినప్పుడు దాని స్థానమున మరియొక మెట్టు వేయుట ఆలస్యమైన యెడల, ఆ ఖాళీలో కాలు జారునది పల్లెవాడే.

ఆ కమిటీ లెక్కలు ఈనాటికిని చదువదగినవి. నాటి బ్రిటిషు ఇండియాలో 6,300 మందికి ఒక వైద్యుడు. ఇది కొంత నయము. 43,000 మందికి ఒక నర్సు. 60,000 మందికి ఒక మిడ్‌వైఫు. 4 లక్షలమందికి ఒక హెల్తు విజిటరు. యోగ్యత గల ఫార్మసిస్టులు దేశమంతటికిని 75 మంది, అనగా 40 లక్షలమందికి ఒకడు. వైద్యులకంటె సహాయకుల సంఖ్య అనేకరెట్లు ఎక్కువగా నుండవలసినది, ఇచ్చట తలక్రిందుగా నున్నది. ఇల్లు కట్టుటకు మేస్త్రీలు ఏడుగురుండి కూలి ఒక్కడే యున్నట్లు.

ఇక పురుళ్ల సంగతి. మిడ్‌వైఫు అరవైవేలమందికి ఒక్కతె యైనప్పుడు తక్కిన కాన్పులన్నియు ఎవరు చేసిరి? మంత్రసానులు. వారిలో పెక్కుమంది ఊరు తనకు దూరముగా నుంచిన కులముల స్త్రీలు. బిడ్డను లోకములోనికి తెచ్చుటకు అర్ధరాత్రి పిలిచిన చేతినే తెల్లవారి అంటరానిదన్న సమాజము మనది. ఈ చరిత్రలో ఆ మాట వ్రాయక దాటిపోవుట ధర్మము కాదు. వారి నేర్పు గొప్పది. వారు వాడిన కొడవలి, దారము మాత్రము శుభ్రమైనవి కావు. అందుచేత పుట్టిన వారములోపల ధనుర్వాతముతో పోయిన శిశువులకు లెక్కలేదు. వారికి నేర్పవలసినది కొద్దియే: చేతులు సబ్బుతో కడుగుట, బ్లేడును దారమును నీటిలో మరిగించుట, కష్టపు కాన్పును ముందే గుర్తించి ఆసుపత్రికి పంపుట. ఆ కొద్దిపాటి శిక్షణయే ఎందరో పసిబిడ్డలను నిలిపినది. మరొకవైపు చదువుకొన్న స్త్రీలకు శిక్షణ ప్రారంభమైనది. ఢిల్లీలో లేడీ రీడింగ్ హెల్త్ స్కూలు 1918లో వెలసినది. మద్రాసులో నర్సుల, మిడ్‌వైఫుల చట్టము 1926లో వచ్చినది. స్వాతంత్ర్యానంతరము 1951లో పంజాబులోని తరన్ తారన్ నందు రెండేండ్ల ‘ఆగ్జిలరీ నర్స్ మిడ్‌వైఫ్’ శిక్షణ మొదలై, క్రమముగా దేశమంతట వ్యాపించినది. మన యూళ్లలో ‘నర్సమ్మ’ యని పిలుచుకొన్నది వీరినే.

1952 అక్టోబరు 2న సమాజాభివృద్ధి పథకము ఆరంభమై, దానివెంట ప్రాథమిక ఆరోగ్య కేంద్రములు వచ్చినవి. అదే సమయమున వ్యాధికొక శాఖ, శాఖకొక ఉద్యోగి యను పద్ధతియు వచ్చినది. 1953లో మలేరియా అదుపు, 1958లో మలేరియా నిర్మూలనము, 1962లో మశూచి నిర్మూలనము, వీనితోపాటు కుటుంబనియంత్రణము. మలేరియా ఉద్యోగి పదునైదు దినముల కొకమారు వచ్చి, జ్వరమున్నదా యని యడిగి, వ్రేలు పొడిచి గాజుపలకమీద నెత్తురు తీసికొని, మాత్రలిచ్చి, తాను వచ్చిన తేదీని గోడమీది అచ్చులో వ్రాసి పోవును. ఆ యింటనే బిడ్డకు విరేచనములైనను అది అతని పని కాదు. టీకాలవాడు మరునాడు వచ్చును; అతనికి జ్వరముతో పనిలేదు. మా వీధిలో ఒక ముదుసలి, “వచ్చేవాళ్లు నలుగురు, అడిగేది ఒక్కడూ లేడు” అనెడిది.

అయినను ఒక్క పనివాని గుణమును తక్కువ చేయరాదు. దేశమున ఏటేట ఏడున్నర కోట్లమందిని పట్టి పీడించిన మలేరియాను 1960 దశకపు నడుమకు లక్షమంది ప్రాంతమునకు దించినది ఆ వ్రేలు పొడిచినవారును, ఇండ్లలో మందు చల్లినవారునే. పట్టు సడలినంతనే 1976లో అది తిరిగి 64 లక్షలు దాటినది. మశూచి కథ మరింత విచిత్రము. గుండ్రపు పరికరమును చర్మముపై త్రిప్పి వేయు పాత టీకాలు బాధాకరములు. ఆ మచ్చలు మన పెద్దల చేతులమీద ఇప్పటికిని గలవు. తరువాత రెండు మొనల సూది వచ్చినది. దానిని వాడుట కొన్ని నిమిషములలో నేర్పవచ్చును. ఆ సూదితోడను, ఇంటింటి గాలింపుతోడను 1975లో మశూచి మన దేశమునుండి పోయినది. పని ఒక్కటే యైనప్పుడు, సాధనము మంచిదైనప్పుడు, స్వల్పశిక్షణ చాలునని దీనివలన తేలినది. ఈ సంగతి పాఠకులు జ్ఞాపకముంచుకొనవలెను, మీదట పనికివచ్చును.

1973లో కర్తార్ సింగ్ కమిటీ నివేదిక వచ్చినది. వేర్వేరుగా తిరుగు మలేరియా ఉద్యోగి, టీకాలవాడు, కుటుంబనియంత్రణ సహాయకుడు మొదలగువారిని కలిపి ‘పురుష ఆరోగ్య కార్యకర్త’గను, నర్సమ్మను ‘స్త్రీ ఆరోగ్య కార్యకర్త’గను చేయవలెనని అది సూచించినది. మూడువేలనుండి మూడువేల అయిదువందల జనాభాకు ఒక ఉపకేంద్రము, అందు ఈ యిరువురు. యోచన మిక్కిలి మంచిది. మన ముదుసలి ఫిర్యాదునకు ఢిల్లీ ఇచ్చిన సమాధానమే యది. బహుళ ప్రయోజన కార్యకర్త యను పేరు అప్పుడు పుట్టినది.

కాని ఆచరణలో నేమైనది? నర్సమ్మ పనులు పెరిగినవి: కాన్పులు, టీకాలు, కుటుంబనియంత్రణము, జ్వరములు, పౌష్టికాహారము, నమోదు పుస్తకములు. ఆమె శిక్షణయో, 1977 మార్పులలో రెండేండ్లనుండి పదునెనిమిది నెలలకు తగ్గినది. అదే సంవత్సరము అక్టోబరు 2న గ్రామస్థులలోనుండియే ఆరోగ్య కార్యకర్తల నెన్నుకొను పథకము వచ్చినది. వారికి మూడు నెలల శిక్షణ, పిమ్మట నెలకు 50 రూపాయల పారితోషికము. పేర్లు మారి, ఆదరణ తగ్గి, ఆ పథకము కనుమరుగైనది. 2005లో ఆశా కార్యకర్తలు వచ్చిరి. వెయ్యిమందికి ఒకరు, తొలి శిక్షణ 23 దినములు. వారు చేసిన సేవ, ముఖ్యముగా కరోనా కాలమున ఇంటింట తిరిగిన తీరు, మనము కన్నులార చూచితిమి. వారిని తక్కువ చేయుట నా యుద్దేశము కాదు. పనులు పెరిగినకొలది శిక్షణదినములు తగ్గినవని మాత్రము చెప్పుచున్నాను. ఒక్క సూదికి చాలిన స్వల్పశిక్షణ పది పనులకు చాలదు. పురుష కార్యకర్త సంగతి మరియు విచారకరము. స్త్రీ కార్యకర్త జీతభారమును కేంద్రము వహించినది. పురుష కార్యకర్త భారము రాష్ట్రములపై పడినది. పెక్కు ఉపకేంద్రములలో ఆ కుర్చీ ఖాళీయైనది. ఇద్దరి పని ఒక్కతె నెత్తిన పడినది.

మన రాష్ట్రమున 1969లో జూనియరు కళాశాలలు వెలసిన పిదప, కొంతకాలమునకు ఇంటర్మీడియెట్‌లోనే వృత్తివిద్యలు ప్రవేశించి, వానిలో ఈ బహుళ ప్రయోజన శిక్షణయు, ప్రయోగశాల శిక్షణయు చేరినవి. ఆ తల్లి అడిగిన కోర్సులు ఇవియే. ఇట్టి ప్రయోగము అమెరికాలో ముందే జరిగినది. అచ్చట సామాన్యుల పిల్లలు ఇంటినుండి వెళ్లివచ్చుచు రెండేండ్లు చదువు స్థానిక కళాశాలలు గలవు. వానిని కమ్యూనిటీ కాలేజీలందురు. 1952లో మిల్డ్రెడ్ మాంటాగ్ అను విదుషీమణి ఆ కళాశాలలు కొన్నింటిలో నర్సులకు రెండేండ్ల శిక్షణను పరీక్షార్థము నడిపించినది. విద్యార్థినులు లైసెన్సు పరీక్షలలో ఇతరులకు తీసిపోలేదు. వారికి పరిమితమైన బాధ్యతలే ఉండవలెనని ఆమె తలచినది. ఆసుపత్రులు మాత్రము ఆ పరిమితిని పాటింపక, తక్కిన నర్సులకు చెప్పు పనులన్నియు వీరికిని చెప్పినవి. దేశమేదైనను, చవుకగా దొరకిన చేతులకు పనులు కూడుచునే యుండును కాబోలు.

2021లో ఈ వృత్తులకొరకు జాతీయస్థాయిలో ఒక చట్టము వచ్చినది. యాభైకి పైబడిన ఆరోగ్యవృత్తులను అది పేరుపేరున గుర్తించినది. మా కాంపౌండరుగారు ఏ పేరు లేకయే చేసిన పనులలో కొన్నింటి కిప్పుడు వేర్వేరు పట్టములు గలవు.

ఆ తల్లికి నేను తరువాత చెప్పిన దిది. పల్లెలో నిలువదలచిన పిల్లకు అన్ని పనుల చదువే తగును. పట్నపు ఆసుపత్రిలో చేరదలచిన పిల్లకు ఒక్క పని చదువు మేలు. అయితే చేరుటకు ముందు కళాశాలవారిని మూడు ప్రశ్న లడుగవలెను: ఆసుపత్రిలో ఎన్ని దినములు నిలిపెదరు? తన చేతితో ఎన్ని కాన్పులు చేయనిత్తురు? దగ్గర నిలిచి నేర్పువారెవరు? ఆమె ఒక కళాశాలలో ఆ ప్రశ్నలు వేయగా మొదటిదానికే సరియైన బదులు రాలేదట. పిల్లలను తీసికొని మరియొకచోటికి పోయినది.

పెద్దపిల్ల అచ్చట బహుళ ప్రయోజన శిక్షణలోను, చిన్నపిల్ల ప్రయోగశాల శిక్షణలోను చేరిరి. మొన్న సంక్రాంతి సెలవులకు వచ్చిన పెద్దపిల్ల గ్రంథాలయములో పత్రికలు చదువుచున్న మాకందరకు రక్తపోటు చూచినది. నా చేతికి పట్టీ రెండుమారులు చుట్టి, రెండుమారులును ఒకే అంకె రాగా, “రేపు ఉదయం టీ తాగకముందు మళ్లీ చూస్తాను, మాస్టారూ. అప్పుడూ ఇలాగే ఉంటే డాక్టరు దగ్గరికి వెళ్లాలి” అన్నది. మరునా డుదయము ఏడు గంటలకు మా యింటికి వచ్చినది.