మొరాయించని పిస్తోలు కోసం

కార్తిక అమావాస్య వచ్చిందంటే వీరాచారవంతులు కారెంపూడి బాట పడతారు. వీరుల ఆయుధాలైన కొణతాలను భుజాన మోసుకొచ్చి, నాగులేటిలో స్నానం చేయించి, వీర్ల గుడి దగ్గర ఐదు రోజులు కొలుస్తారు. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అంటూ పన్నెండో శతాబ్దపు పల్నాటి యుద్ధాన్ని రోజుకో ఘట్టంగా తలుచుకుంటారు. ఇదే సీమలో 1922లో పుల్లరి కట్టేది లేదన్న కన్నెగంటి హనుమంతు పోలీసు తూటాలకు నేలకొరిగాడు. ఆయుధం మాటెత్తితే పల్నాడుకు చెప్పుకోడానికి చాలానే ఉంది.

ఆ పాత వీరుల కుంతం మొరాయించదు. అందులో కదిలే భాగమే లేదు. చేతిలో బలం ఉన్నంతసేపూ అది పనిచేస్తుంది. ఇవాళ ఎస్సై నడుముకు ఉండే పిస్తోలు అలాంటిది కాదు. స్ప్రింగులు, కొక్కేలు, పిన్నులు, జారే ఉక్కు దిమ్మె అన్నీ ఒకదాని వెంట ఒకటి సరిగ్గా కదిలితేనే రెండో తూటా పేలుతుంది. ఏ ఒక్కటి తడబడినా అది చేతిలో ఇనుప ముక్కే. సెమీ ఆటోమేటిక్ పిస్తోలు చరిత్ర అంటే ఆ తడబాటును తగ్గించుకుంటూ వచ్చిన నూట ముప్పై ఏళ్ల చరిత్ర.

మసి పోయాకే మర వచ్చింది

పేలుడు శక్తిలో కొంత తీసుకుని, తుపాకీ తనంతట తానే మళ్లీ నింపుకోవాలన్న ఆలోచన పాతదే. దానికి అడ్డుపడింది నల్లమందు. అది కాలితే బరువులో సగానికి పైగా మసిగా, గట్టి పొడిగా మిగిలిపోతుంది. నాలుగు రౌండ్లు పేలేసరికి కదిలే భాగాలన్నీ బిగుసుకుంటాయి. ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త పాల్ వియేల్ 1884లో పొగ రాని మందు తయారుచేశాడు. సరిగ్గా ఆ రోజుల్లోనే హైరమ్ మాక్సిమ్ తుపాకీ వెనక్కి తన్నే శక్తితోనే నడిచే మెషిన్‌గన్ చేసి చూపించాడు. ఈ రెండూ కలిశాకే పిస్తోలుకు దారి దొరికింది.

1893లో హ్యూగో బోర్కార్ట్ రూపొందించిన సీ93 పిస్తోలు బెర్లిన్‌లో తయారై అమ్మకానికి వచ్చింది. తూటాల డబ్బాను, అంటే మ్యాగజైన్‌ను, పిడిలోకే దూర్చే పద్ధతి అందులో ఉంది. ఇప్పటికీ అదే నడుస్తోంది. ఆయుధం మాత్రం చేతికి ఒదగని బరువు. జార్జ్ లూగర్ దాన్ని చెక్కి నాజూకు చేశాడు. 1900లో స్విట్జర్లాండ్ సైన్యం, 1908లో జర్మన్ సైన్యం లూగర్ పిస్తోలు తీసుకున్నాయి. 1902లో దానికోసం పుట్టిన 9 ఎంఎం పారాబెల్లమ్ తూటానే ఇప్పుడు మన పోలీసుల పిస్తోళ్లలో కూడా ఉంటోంది. లూగర్ పనితనం గొప్పదే కానీ, తూటాలో బలం కాస్త అటూ ఇటూ అయితే చాలు, అది అలిగేది. మట్టి పడితే సరేసరి.

ఆరు వేల రౌండ్ల పరీక్ష

ఈ చిక్కు విప్పినవాడు అమెరికాకు చెందిన జాన్ బ్రౌనింగ్. గొట్టాన్ని పైనుంచి కప్పుతూ ముందుకూ వెనక్కూ జారే స్లైడ్ ఆయన ఆలోచనే. బెల్జియంలోని ఎఫ్‌ఎన్ ఫ్యాక్టరీ చేసిన 1900 నమూనా పిస్తోలు, దాంతో పుట్టిన 7.65 ఎంఎం తూటా ప్రపంచమంతా పాకాయి. మన దగ్గర లైసెన్సుదారులు .32 బోరు పిస్తోలు అనేది ఆ తూటా వాడేదాన్నే.

1911 మార్చిలో అమెరికా సైన్యం పిస్తోళ్లకు పెట్టిన పరీక్ష ఈ చరిత్రకంతటికీ మలుపు. ఒక్కో పిస్తోలు ఆరు వేల రౌండ్లు కాల్చాలి. వంద కాల్చగానే కాసేపు చల్లారనివ్వాలి. వెయ్యికోసారి శుభ్రం చేసి నూనె వేయాలి. పోటీకి వచ్చిన సావేజ్ పిస్తోలు 37 సార్లు మొరాయించింది. బ్రౌనింగ్ రూపొందించిన కోల్ట్ ఒక్కసారి కూడా ఆగలేదు. తర్వాత సొట్టపోయిన తూటాలు వేశారు, ఆమ్లంలో తుప్పు పట్టించారు, ఇసుకలో బురదలో ముంచారు. అయినా పేలింది. అప్పటినుంచి పిస్తోలు గొప్పతనాన్ని గురి ఒక్కదాన్ని బట్టే కాక, ఎన్ని రౌండ్లకు ఒకసారి ఆగిందన్న లెక్కను బట్టి కూడా చెప్పడం మొదలైంది.

బ్రౌనింగ్ 1926లో కన్నుమూశాడు. సగంలో ఆగిన ఆయన ఆఖరి పిస్తోలును ఎఫ్‌ఎన్‌లో పనిచేసే దియుదొన్నె సేవ్ పూర్తిచేశాడు. అదే 1935 నాటి హైపవర్. మ్యాగజైన్‌లో 13 తూటాలు. రెండో ప్రపంచ యుద్ధంలో కెనడాలోని ఇంగ్లిస్ కంపెనీ దాన్ని తయారుచేసింది. ఆ వంశంలోదే కోల్‌కతా దగ్గరి ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీలో తయారయ్యే ఆటో 9 ఎంఎం 1ఏ. మన పోలీసులు ఏళ్ల తరబడి నడుముకు కట్టుకున్న పిస్తోలు ఇదే. 1980ల్లో ఆస్ట్రియా నుంచి వచ్చిన గ్లాక్ ఇంకో మెట్టు ఎక్కింది. దాని చట్రం పాలిమర్‌ది, మొత్తం విడిభాగాలు సుమారు 34. భాగాలు తగ్గితే చెడే అవకాశమూ తగ్గుతుందన్న సూత్రాన్ని అది నిలబెట్టింది.

రెప్పపాటులో ఏం జరుగుతుంది

మొరాయింపు అర్థం కావాలంటే ఒక్క రౌండు ప్రయాణం చూడాలి. ట్రిగ్గర్ నొక్కితే హ్యామర్ దెబ్బకు ఫైరింగ్ పిన్ తూటా అడుగునున్న టోపీని పొడుస్తుంది. మందు అంటుకుంటుంది. గుండు ముందుకు పోతుంది, స్లైడూ గొట్టమూ కలిసి కాస్త వెనక్కి వస్తాయి. గొట్టం కిందికి వాలి స్లైడ్ నుంచి విడిపోతుంది. స్లైడ్ ఇంకా వెనక్కి పోతూ ఎక్స్‌ట్రాక్టర్ అనే చిన్న కొక్కెంతో ఖాళీ ఇత్తడి కేసును బయటికి లాగుతుంది, ఎజెక్టర్ దాన్ని పక్కకు తన్నేస్తుంది. దారిలోనే హ్యామర్ మళ్లీ ఎత్తి నిలుస్తుంది. ఇక స్ప్రింగు స్లైడ్‌ను ముందుకు తోస్తుంది. వస్తూ వస్తూ అది మ్యాగజైన్ పైనున్న తూటాను నెట్టి చాంబర్‌లో కూర్చోబెడుతుంది. ఇదంతా సెకనులో పదో వంతు కూడా పట్టదు.

కనుక ఎక్కడ ఆగిందో చూస్తే ఎందుకు ఆగిందో చాలావరకు తెలిసిపోతుంది. కొత్త తూటా ముక్కు పైకెత్తి చాంబర్ గుమ్మంలో ఇరుక్కుంటే ముందు మ్యాగజైన్‌ను అనుమానించాలి. దాని పై అంచుల పెదవులు వంగినా, లోపలి స్ప్రింగు నీరసించినా తూటా సరైన కోణంలో లేవదు. ఖాళీ కేసు సగం బయటికొచ్చి పొగగొట్టంలా నిలబడితే ఎక్స్‌ట్రాక్టర్ పట్టు, తూటా బలం, కాల్చినవాడి మణికట్టు చూడాలి. పట్టు వదులైతే చెయ్యే వెనక్కి పోతుంది, స్లైడ్ ప్రయాణం పూర్తికాదు. కేసు చాంబర్‌లోనే ఉండిపోతే చాంబర్‌లో మసో, కొక్కెం కింద చెత్తో ఉంటుంది. టోపీ మీద గాటు పడినా పేలకపోతే తప్పు చాలావరకు తూటాది. గాటే లేకుంటే ఫైరింగ్ పిన్ సంగతి చూడాలి.

ఫైరింగ్ రేంజిలో రెండు నియమాలు ప్రాణంతో సమానం. ట్రిగ్గర్ నొక్కినా పేలకపోతే గొట్టం లక్ష్యం వైపే ఉంచి కాసేపు ఆగాలి. మందు ఆలస్యంగా అంటుకునే ప్రమాదం ఉంది. చప్పుడు మామూలు కంటే మెత్తగా వినిపిస్తే ఇంకో రౌండు కాల్చనే కూడదు. గుండు గొట్టంలోనే ఉండిపోయి ఉంటే తర్వాతి పేలుడుకు గొట్టమే చీలిపోతుంది.

సున్నపు దుమ్ము, రెంటచింతల ఎండ

ఈ లెక్కలన్నీ పల్నాడుకు వచ్చేసరికి మరింత కఠినమవుతాయి. పిడుగురాళ్లలో సున్నపు బట్టీలు, మాచర్ల చుట్టూ నాపరాయి, రోడ్ల మీద సిమెంటు లారీలు. ఎండాకాలం రెంటచింతల పేరు ప్రతి వాతావరణ వార్తలోనూ వినపడుతుంది. ఆ వేడికి నూనె పల్చబడి కారిపోతుంది. నూనె ఎక్కువ పోస్తే సరిపోతుందనుకుంటే అదీ పొరపాటే; జిడ్డుకు సున్నపు పొడి పట్టుకుని స్లైడ్ జారే గాళ్లను అరగదీస్తుంది. స్లైడ్ రాసుకునే చోట సన్నని నూనె పొర చాలు. మ్యాగజైన్ లోపల, ఫైరింగ్ పిన్ దారిలో, తూటాల మీద నూనె అసలు ఉండకూడదు.

బందోబస్తు డ్యూటీలో రోజంతా నడుముకు ఉన్న పిస్తోలుకు చెమట పడుతుంది. చెమటలోని ఉప్పుకు ఉక్కు తుప్పు పట్టడానికి రెండు రోజులు చాలు. ఎండలో నిలిపిన జీపులో పెట్టిన తూటాల్లో మందు క్రమంగా పాడవుతుంది. ఇంకో సంగతి పెద్దగా ఎవరూ పట్టించుకోరు. డ్యూటీ ఎక్కినప్పుడల్లా ఒకే తూటాను చాంబర్‌లోకి ఎక్కించి, దిగినప్పుడల్లా తీస్తుంటే గుండు కొద్దికొద్దిగా కేసులోకి దిగిపోతుంది. లోపల చోటు తగ్గితే పేలినప్పుడు ఒత్తిడి పెరుగుతుంది. పక్కన ఇంకో తూటా పెట్టి ఎత్తు చూసుకుంటే తేడా తెలిసిపోతుంది; పొట్టిదైన దాన్ని పక్కన పెట్టేయాలి.

అందుకే పోలీసు ఆయుధాగారమైన బెల్ ఆఫ్ ఆర్మ్స్‌లో ఆర్మరర్ చేసే పనికి నేను ఎంతో విలువిస్తాను. ఏటా జరిగే మొబిలైజేషన్ శిక్షణలో ఫైరింగు అయ్యాక గొట్టంలో గుడ్డపేలిక లాగి, స్ప్రింగు సాగింపు చూసి, కొక్కెం కింది మసి గీకి, పాడైన మ్యాగజైన్‌ను వేరుచేసేది ఆయనే. మ్యాగజైన్లకు నంబర్లు వేసుకుంటే తప్పు ఏ ఒక్కదాని వెంటే తిరుగుతోందో పట్టుబడుతుంది. ఒకసారికి ఒక్కటే మార్చి చూడటం ఈ విద్యకు మూలసూత్రం. తూటా, మ్యాగజైన్, నూనె, స్ప్రింగు అన్నీ కలిపి మార్చేస్తే పిస్తోలు బాగుపడొచ్చు, జబ్బు ఏమిటో మాత్రం తెలియదు. దసరాకు జిల్లా పోలీసు కేంద్రాల్లో ఆయుధ పూజ ఘనంగా చేస్తారు. ఏడాది పొడవునా ఆర్మరర్ చేసే పని అంతకంటే పెద్ద పూజ.

మొరాయించినా పరువు పోని చోటు

పిస్తోలు ఆగడం సహజమని ఒప్పుకుని దానికి నిబంధన రాసుకున్న రంగం క్రీడలది. హైదరాబాదుకు చెందిన ఈషా సింగ్ పోటీపడే 25 మీటర్ల పిస్తోలు విభాగంలో వాడేది .22 బోరు, ఐదు రౌండ్ల సెమీ ఆటోమేటిక్. 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో ఆ విభాగంలో ఆమె జట్టు స్వర్ణం, వ్యక్తిగత రజతం గెలిచింది. అక్కడ ఆయుధం ఆగితే క్రీడాకారిణి గొట్టం లక్ష్యం వైపే ఉంచి, ఖాళీ చెయ్యి ఎత్తుతుంది. అధికారి వచ్చి చూస్తాడు. తప్పు ఆయుధానిదో తూటాదో అయితే మళ్లీ అవకాశం ఇస్తారు; సేఫ్టీ తీయడం మరిచినా, తూటా ఎక్కించకపోయినా ఆ తప్పు మనిషిదే. టోక్యో ఒలింపిక్స్‌లో మనూ భాకర్ ఎయిర్ పిస్తోలు పోటీ మధ్యలో చెడిపోయి ఎంతో విలువైన సమయం పోయింది. సెమీ ఆటోమేటిక్ కాకపోయినా అది చెప్పే పాఠం ఇదే: ఎంత ఖరీదైన ఆయుధమైనా ముందురోజు తనిఖీకి మినహాయింపు లేదు.

ఇంట్లో లైసెన్సు ఉన్నవారికి

ఎన్నికల కోడ్ రాగానే లైసెన్సు ఆయుధాలను స్టేషన్‌లో డిపాజిట్ చేయించడం మనకు అలవాటే. నెలల తర్వాత తిరిగొచ్చిన పిస్తోలులో నూనె ఆరి బంకగా మారి ఉంటుంది. దాన్ని అలాగే బీరువాలో పెట్టేస్తే భద్రంగా ఉన్నట్టు కాదు. అలాగని తెలిసిన లేత్ మెషిన్ దగ్గరికి తీసుకెళ్లకూడదు. 1959 ఆయుధాల చట్టం ఐదో సెక్షన్ ప్రకారం మరమ్మతుకూ, పరీక్షకూ కూడా లైసెన్సు ఉండాలి. అది ఉన్న డీలరుకే అప్పగించాలి. శుభ్రం చేసినా, మంచి తూటా మంచి మ్యాగజైన్ వేసినా రెండోసారి మొరాయించిన పిస్తోలును నమ్ముకోవద్దు. ఇక దొంగచాటుగా వచ్చే నాటు పిస్తోలు సంగతి చెప్పక్కర్లేదు. దాని గొట్టం ఏ ఉక్కుతో చేశారో, ఎంత ఒత్తిడికి తట్టుకుంటుందో చూసినవాడు లేడు. ఎదుటివాడి కంటే ముందు పట్టుకున్న చెయ్యే పోతుంది.

వాడాల్సిన అవసరమే రాకపోవడం ఏ పిస్తోలుకైనా మంచి జాతకం. అవసరం వచ్చే ఆ ఒక్క రోజు కోసమే బ్రౌనింగ్ పిస్తోలు ఆరు వేల రౌండ్ల పరీక్షకు నిలబడింది. ఉంచుకునేవాడు అందులో వందో వంతు శ్రద్ధైనా పెట్టాలి. పెట్టలేనివాడు లైసెన్సును తిరిగి ఇచ్చేయడమే ఇంటికీ ఊరికీ మేలు.