కషాయం, డాక్సీసైక్లిన్: కడప జిల్లా జ్వరాల్లో జంట చికిత్సకు ఆధారం ఎంత?

అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రంలో లైమ్ అనే ఊరి పేరు మీదుగా పిలిచే జబ్బు పిడుదుల కాటుతో వస్తుంది. దానికి తొలి మందు డాక్సీసైక్లిన్. 2020లో జాన్స్ హాప్కిన్స్ పరిశోధకులు ఆ బాక్టీరియాను గాజుపాత్రలో పెంచి, కొన్ని మొక్కల సారాలు దాన్ని డాక్సీసైక్లిన్ కన్నా బాగా చంపాయని ప్రకటించారు. యాంటీబయోటిక్‌తో పాటు మూలికలూ వాడాలన్న వాదానికి అప్పటి నుంచి బలం పెరిగింది. లైమ్ మన జబ్బు కాదు. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతాల్లో ఇదే ప్రశ్న స్క్రబ్ టైఫస్ విషయంలో తలెత్తుతుంది. దీనికీ మందు డాక్సీసైక్లినే, జ్వరం రాగానే ఇంట్లో మొదట మరిగేది నేలవేము కషాయమో తిప్పతీగ కషాయమో. రెండూ కలిపి వాడటం మంచిదా చెడ్డదా అన్నది నమ్మకంతో తేలేది కాదు. రెండు యాంటీబయోటిక్‌లను కలపడానికి ఏ రుజువు అడిగామో, మూలికను యాంటీబయోటిక్‌తో కలపడానికీ అదే అడగాలన్నది ఈ వ్యాసం వాదన.

స్క్రబ్ టైఫస్‌ను కలిగించేది ఓరియెన్షియా సుత్సుగముషి అనే సూక్ష్మజీవి. పొదల్లో, గడ్డిలో ఉండే నల్లి జాతి పురుగు పిల్లదశలో కుట్టినప్పుడు ఒంట్లోకి చేరుతుంది. ఎలుకలు, పొదలు, మనిషి నడక ఒకచోట కలిస్తే చాలు. గండికోట చుట్టూ ఉన్న ముళ్లకంపల్లో గొర్రెలు మేపేవారు, పులివెందుల చీనీ తోటల్లో కలుపు తీసేవారు, పెన్న ఒడ్డు చేలల్లో పనిచేసేవారు అలాంటి నేలలోనే రోజంతా గడుపుతారు. కుట్టినచోట సిగరెట్‌తో కాల్చినట్టు నల్లటి పెచ్చు కట్టవచ్చు. అది చంకలోనో గజ్జలోనో ఉంటే వెతికితే తప్ప కనపడదు. చాలామందిలో అసలు ఏర్పడదు కూడా. చికిత్స లేకపోతే సగటున నూటికి ఆరుగురు చనిపోతారని పాత నివేదికలన్నిటినీ కూర్చిన సమీక్ష తేల్చింది. సకాలంలో డాక్సీసైక్లిన్ పడితే మాత్రం జ్వరం తరచు రెండు రోజుల్లో దిగుతుంది. కాబట్టి ఈ జబ్బులో మొదట లెక్కించాల్సిన నష్టం ఆలస్యం. కషాయం ఒళ్లునొప్పులను కాస్త తగ్గించి, ఆసుపత్రి ప్రయాణాన్ని నాలుగు రోజులు వెనక్కి నెడితే, అందులో విషం ఏమీ లేకపోయినా ప్రాణహాని జరగవచ్చు.

గాజుపాత్రలో చచ్చిన బాక్టీరియా రోగి ఒంట్లోనూ చస్తుందని చెప్పలేం. మొక్క సారం పేగులో ఎంత ఇంకుతుంది, కాలేయం దాన్ని ఎంత విరిచేస్తుంది, రక్తంలో ఎంత మిగులుతుంది అన్నవి వేరే ప్రశ్నలు. లైమ్ మూలికల విషయంలో ఆ లెక్కలు ఇంకా తేలలేదు. పైగా ఓరియెన్షియా మన కణాల లోపల దాక్కుని పెరిగే జీవి, మందు అక్కడిదాకా చేరాలి. నేలవేములోని ఆండ్రోగ్రాఫొలైడ్‌కు వాపును తగ్గించే గుణం ఉందని ప్రయోగశాలల్లో గట్టి ఆధారమే ఉంది. డెంగీ కాలంలో తమిళనాడు ప్రభుత్వం నేలవేము కషాయాన్ని ఊరూరా పంచింది. కానీ జ్వరాన్ని తగ్గించే గుణం, జ్వరానికి మూలమైన సూక్ష్మజీవిని చంపే గుణం వేర్వేరు. మొదటిది మాత్రమే ఉన్న మందు రోగికి హాయినిస్తూనే వైద్యుడికి దారి తప్పించగలదు.

కలయికలో తక్కువగా చర్చించే ప్రమాదం మరొకటి ఉంది. టెట్రాసైక్లిన్ కుటుంబపు మందులు కాల్షియం, ఇనుము, మెగ్నీషియం, అల్యూమినియంలతో గట్టిగా ముడిపడతాయి. అలా ముడిపడిన మందు పేగులో ఇంకదు. శంఖభస్మంలో ఉన్నది కాల్షియం, లోహభస్మం, మండూరభస్మంలలో ఉన్నది ఇనుము. డాక్సీసైక్లిన్ మాత్ర వేసుకున్న గంటలోనే ఇలాంటి పొట్లం ఒకటి మింగితే, చీటీలో రాసిన మోతాదు వేరు, రక్తంలోకి చేరిన మోతాదు వేరు అవుతుంది. ఫిన్లాండ్ పరిశోధకులు 1970లలోనే ఇంకో సంగతి చూపారు: డాక్సీసైక్లిన్‌ను నరానికి ఎక్కించినా, నోటి ద్వారా ఇనుము తీసుకున్నవారిలో అది ఒంట్లోంచి త్వరగా వెళ్లిపోయింది. అంటే మాత్రకూ భస్మానికీ మధ్య రెండు గంటల ఎడం పాటించడం కూడా పూర్తి రక్షణ కాకపోవచ్చు. తిప్పతీగ సంగతి వేరు. కోవిడ్ కాలంలో దాన్ని నెలల తరబడి వాడిన కొందరిలో కాలేయం దెబ్బతిన్నట్టు ముంబై వైద్యులు 2021లో నివేదించారు. స్క్రబ్ టైఫస్ తానుగా కాలేయాన్ని తాకుతుంది, కాబట్టి పరీక్షలో ఎంజైములు పెరిగితే కారణం జబ్బో, కషాయమో తేల్చడం కష్టమవుతుంది.

తరతరాలుగా వాడుతున్నదాన్ని అనుమానించడం మన వైద్యాన్ని చిన్నచూపు చూడటమేనని ఒక ఆక్షేపణ ఉంది. దాన్ని తేలిగ్గా తీసిపారేయలేం. మిరియంలోని పైపరిన్ కథే ఆ ఆక్షేపణ పక్షాన నిలుస్తుంది. క్షయ మందు రిఫాంపిసిన్‌కు దాన్ని జోడిస్తే, మందు తక్కువ మోతాదులోనే రక్తంలో తగినంత చేరుతుందని జమ్మూ సి.ఎస్.ఐ.ఆర్. సంస్థ కనుగొంది. ఆ జంట మాత్రను కాడిలా సంస్థ 2009లో మార్కెట్లోకి తెచ్చింది. కానీ అది నెగ్గింది పాత వాడుక వల్ల కాదు. ఎన్ని మిల్లీగ్రాములు కలపాలో కొలిచి, రోగుల్లో పరీక్షించడం వల్ల. చైనా మాచిపత్రి జాతి మొక్క నుంచి తు యూయూ తీసిన ఆర్టెమిసినిన్ కూడా మలేరియాకు ఇలాగే మందైంది. మరో దృష్టాంతం మన తెలుగువాడిదే. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు, మద్రాసు ఆయుర్వేద కళాశాలలో శరీర నిర్మాణశాస్త్రం బోధించి, అమెరికా వెళ్లి లెడర్లీ సంస్థలో పరిశోధనలకు నేతృత్వం వహించారు. టెట్రాసైక్లిన్‌లలో మొదటిదైన ఆరియోమైసిన్ 1948లో వెలువడింది ఆ ప్రయోగశాలల నుంచే. డాక్సీసైక్లిన్ దాని వారసురాలు. రెండు వైద్యాలూ తెలిసిన మనిషి నేతృత్వంలో వచ్చిన మందునూ పరీక్షించాకే నమ్మారు.

ఇన్ని పరీక్షలు పేద జిల్లాకు సాధ్యమా అన్నది రెండో ఆక్షేపణ. కానీ తీవ్రమైన స్క్రబ్ టైఫస్‌లో డాక్సీసైక్లిన్, అజిత్రోమైసిన్ రెంటినీ నరానికి కలిపి ఇస్తే మేలా అన్నది వెల్లూరు సి.ఎం.సి. నాయకత్వంలో భారతీయ ఆసుపత్రుల్లోనే, దాదాపు 800 మంది రోగుల్లో తేల్చారు. 2023లో ప్రచురించిన ఫలితాల ప్రకారం మరణం, వదలని జ్వరం, తగ్గని ఉపద్రవాలు కలిపి చూస్తే జంట మందులో 33 శాతం, ఒక్కొక్క మందులో సుమారు 50 శాతం. అయినా మరణాల్లో మాత్రం తేడా కనపడలేదు. ఎంతో ఆశ కలిగించే కలయికలో కూడా ఏ మేలు నిజం, ఏ మేలు ఊహ అన్నది ఇలా విడదీస్తేనే తెలుస్తుంది.

ఈ జిల్లాకు అలాంటి ప్రయోగం చేసే శక్తి ఉంది. కడపలో ప్రభుత్వ వైద్య కళాశాల, ప్రొద్దుటూరులో పశువైద్య కళాశాల ఉన్నాయి. ఎలుకలు, గొర్రెల మీది పురుగులను పరీక్షించే పని రెండో సంస్థది, రోగుల పరీక్ష మొదటిది. తేలికపాటి స్క్రబ్ టైఫస్ అని ఐ.జి.ఎం. ఎలైజాతో తేలిన పెద్దవారిని తీసుకుని, అందరికీ డాక్సీసైక్లిన్ ఇవ్వాలి. సగం మందికి కొలిచి తయారుచేసిన నేలవేము కషాయం, మిగతా సగానికి అదే చేదున్న ఉత్త ద్రవం ఇచ్చి, జ్వరం దిగే గంటలను, రక్తంలో మందు మోతాదును, కాలేయ ఎంజైములను పోల్చాలి. గర్భిణులను, ఊపిరి అందని వారిని, స్పృహ తప్పినవారిని ఈ ప్రయోగంలో చేర్చకూడదు. ఇంట్లో అంతకుముందే ఏం తాగారో చేరిక పత్రంలోనే రాయించాలి. అది చెబితే తిడతారన్న భయంతోనే రోగులు కషాయం మాట దాచేస్తారు కాబట్టి, ఆ ప్రశ్న అడిగే నర్సుకు ముందే శిక్షణ ఇవ్వాలి.